చెన్నపురి యూదుల సమాధులు

గోలకొండ వజ్రముల మాట వచ్చినప్పుడెల్ల మన యెద పొంగును. కోహినూరు మనదని వాదులాడుదుము. ఆ వజ్రములను గనులనుండి రేవునకు, రేవునుండి లండనునకు దాటించినవా రెవరో విచారించినవారు మనలో నెందరు? అట్టివారి గురుతు చెన్నపట్టణమున లాయిడ్సు రోడ్డునందలి యూదుల శ్మశానవాటిక. చెన్నపట్టణమునకు బోవు ఆంధ్రులు సముద్రమును, వస్తుప్రదర్శనశాలను జూచి వత్తురు. ఇచ్చట కాలుమోపువారు అరుదు.

స్పెయిను, పోర్చుగలు దేశముల మతహింసకు తాళజాలక వలసపోయిన యూదుల సంతతివారు ఆంస్టర్‌డాము, లండను, లివోర్నో నగరములందు స్థిరపడిరి. వారిలో కొందరు పదునేడవ శతాబ్దమున చెన్నపట్టణము చేరిరి. వారి వర్తకమున నిటకు వచ్చినది మధ్యధరా సముద్రపు పగడము. ఇటనుండి పోయినది కృష్ణాతీరపు వజ్రము. మన యిల్లాండ్రు నల్లపూసల నడుమ గ్రుచ్చుకొను పగడ మెంత దూరమునుండి వచ్చెడిదో! జార్జిటవునులో పగడపు వర్తకుల పేర నేటికిని వీధి యున్నది. వారిలో ప్రముఖుడు జాక్ ద పైవా. అతడు గోలకొండ సీమలోని గనులకు స్వయముగ బోయివచ్చి, జబ్బుపడి, 1687లో మరణించెను. ఆ యేటనే గోలకొండ ఔరంగజేబు వశమయ్యెను. మరుసటియేడు చెన్నపట్టణ నగరసభ యేర్పడినప్పుడు ఆల్డర్‌మనులుగా యూద వర్తకులును, మన చిన్న వేంకటాద్రియు నొక్క సభలో గూర్చుండిరి.

యూదులు శ్మశానమును హీబ్రూ భాషలో ‘జీవుల గృహ’ మందురు. సమాధిని జూడవచ్చినవారు పూలకు మారుగా చిన్నరాతి నుంచిపోదురు. ఒకసారి పాతినవారిని కదల్చుట వారి ధర్మము సామాన్యముగ నొప్పదు. అట్టివారి సమాధులే పెద్దనాయకునిపేటనుండి లేచి, ఇరువదవ శతాబ్దమున ఒకటికి రెండుమార్లు తావు మారి, తుద కిచ్చట జేరినవి. పట్టణము పెరుగవలసినదే, కాదనము. కాని అడుగ దిక్కున్నవారి సమాధులైనచో నింత సులభముగ కదలియుండెడివా?

ఇందులో మనకేమి పని యందురా? కొల్లూరి గని పులిచింతల జలాశయమున మునిగినది. అచ్చటి వజ్రములు పరదేశముల కిరీటములందును పెట్టెలందును జిక్కినవి. ఆ వ్యాపారమునకు తీరమున మిగిలిన కొలది సాక్ష్యములలో నీ రాళ్లు నొకటి. దేవాలయముల శాసనములకు ప్రతులెత్తించు మనకు, ఈ హీబ్రూ లేఖనముల యర్థమును తమిళమునను తెలుగునను వ్రాయించి ద్వారముకడ ఫలకము నిలుపుట భారమా? ఒక విగ్రహపు పీఠమున కగు సొమ్ము చాలును. చెన్నపురి యాంధ్రులలో చరిత్రాభిమానులు కొరవడలేదు, వారు పూనుకొందురుగాక. నగరపాలకులును ఈ సమాధులను ఇక నేనిమిత్తమునను కదల్పబోమని వ్రాతమూలముగ ప్రకటింపవలెను.