పశువుల నడక, పిల్లల నడక



ఈ నెల ఒక దూరప్రయాణమును గూర్చి, ఆ ప్రయాణములో మాకు కలిగిన గద్దింపును గూర్చి వ్రాయుచున్నాము. చెప్పుకొనుటకు కొంచెము సిగ్గుగానే యున్నది. అయినను మనలో సంఘపెద్దలకు, ఇంటి యజమానులకు పనికివచ్చునని వ్రాయుచున్నాము.

మా సండేస్కూలులో పెరిగి, ఇప్పుడు సైన్యములో పనిచేయుచున్న ఒక సహోదరుడు గత సంవత్సరము ఆగస్టు నెలలో మమ్మును లడఖ్‌కు పిలిచాడు. ఒక సంఘపెద్ద, ముగ్గురు యౌవనస్థులు, మేము, మొత్తము ఐదుగురము వెళ్ళాము. లేహ్ పట్టణము సముద్రమట్టమునకు సుమారు 3,500 మీటర్ల ఎత్తున ఉన్నది. మన విశాఖ మన్యపు కొండలలో అన్నిటికంటె ఎత్తైనది కూడ 1,700 మీటర్లు దాటదు. అంటే మన కొండలకు రెండంతల ఎత్తున ఆ ఊరి బజారు ఉన్నదన్నమాట. అక్కడ పీల్చే ప్రతి శ్వాసలో మనకు అందే ప్రాణవాయువు ఇక్కడి దానిలో మూడింట రెండు వంతులే. అందుచేత ఆ సహోదరుడు మొదటి రెండు దినములు మమ్మును మెట్లు కూడ ఎక్కనివ్వలేదు. "అయ్యగారూ, పడుకోండి, నీళ్ళు త్రాగండి, అంతే" అన్నాడు.

ఆదివారము లేహ్‌లోని మొరేవియన్ సంఘములో ఆరాధించాము. ఆ సంఘము 1885లో స్థాపించబడినది. దాని వెనుక ఒక పెద్ద ఓర్పు ఉన్నది. మొరేవియన్ మిషనరీలు టిబెట్‌లో ప్రవేశింపగోరి, అనుమతి లేక, 1856లో హిమాచల్ కొండలలోని కేలాంగ్‌లో స్థిరపడ్డారు. మరుసటి సంవత్సరము వచ్చిన యాష్కే దొరగారు టిబెటను భాష నేర్చుకొని, బైబిలు తర్జుమా మొదలుపెట్టాడు. ఆయన 1883లో మరణించాడు. క్రొత్త నిబంధన 1885లో వెలువడినది. ఆ పనిని లడఖ్‌వాడైన యోసేబు గెర్గాన్ గారు చేపట్టి పాత నిబంధనను కూడ ముగించాడు గాని, అచ్చైన గ్రంథమును చూడకమునుపే ప్రభువునందు నిద్రించాడు. సంపూర్ణ గ్రంథము 1948లో అచ్చయినది. ఒక్క గ్రంథమునకు తొంబది సంవత్సరములు! ఆ మందిరములో కూర్చుండి "ఎంత నిదానమైన పని" అని ఆశ్చర్యపడ్డాము. ఆ నిదానమే మాకు కావలసిన పాఠమని అప్పటికి తెలియలేదు.

తరువాత మార్ఖా లోయలోనికి నడకప్రయాణము. సామాను మోయుటకు గుఱ్ఱములు, వాటిని తోలు మనిషి, దారి చూపుటకు ఆ ప్రాంతపువాడే ఒక గైడు. మాలో ఒక యౌవనస్థుడు హైదరాబాదులో పనిచేసినవాడు గనుక హిందీలో అతనితో మాట్లాడేవాడు.

చిల్లింగ్ దగ్గర జంస్కార్ నది దాటి స్కియు, మార్ఖా, హంకర్ అను పల్లెల మీదుగా నడిచాము. చుట్టు ఎటు చూచినను పచ్చిక లేని కొండలే. మధ్యలో నీరు పారిన మేరకు మాత్రము బార్లీ చేలు. లేహ్ ప్రాంతములో ఏడాది పొడవున పడు వర్షము సుమారు 100 మిల్లీమీటర్లు. మన కోస్తాలో ఒక్క తుపాను దినమున అంత పడుతుంది. కొండమీది మంచు కరిగి వచ్చు నీటితోనే వారి పంట. ఆ నీటిని వంతుల ప్రకారము ఇంటింటికి పంచుటకు లడఖ్ పల్లెలలో ఒక మనిషిని నియమించుకొందురు. అతనిని చుర్పోన్ అందురు. మన చెరువుల క్రింద నీరటి చేసే పనే అది. మట్టి ఇటుకల ఇండ్లలో మాకు చోటిచ్చి, ఉప్పు, వెన్న వేసిన తేనీరు పోసి, వేయించిన బార్లీ పిండి పెట్టారు. ఎదురుపడిన ప్రతివారు "జూలే" అని వందనము చేసేవారు.

మా గైడుకు కొన్ని కట్టడలున్నవి. ప్రతి ఉదయము ఒక్కొక్కరిని రెండు ప్రశ్నలడిగేవాడు. రాత్రి తిన్నావా? నిద్ర పట్టినదా? తరువాత మాలో నెమ్మదిగా నడిచేవారిని తన వెనుకనే నిలిపేవాడు. మిగిలినవారు వారి వెనుక. ఎవరును వారిని దాటకూడదు. మా సంఘపెద్ద గారు ఉపాధ్యాయుడుగా పనిచేసి విశ్రమించినవారు, అరవైకి దగ్గరపడినవారు. ఆయన ఎప్పుడును గైడు వెనుకనే. ఆయన ఆగితే మేమందరము ఆగవలెను. యౌవనస్థులకు విసుగు. నిజము చెప్పవలెనంటే మాకును విసుగే.

నాలుగవ దినము హంకర్ నుండి నిమలింగ్‌కు ఎక్కవలెను. హంకర్ ఇంచుమించు 4,000 మీటర్లు, నిమలింగ్ 4,700 మీటర్లకు పైన. అంత ఎత్తున ఒక రాత్రికి మరుసటి రాత్రికి 500 మీటర్ల కంటె ఎక్కువ ఎక్కి పడుకొనుట మంచిది కాదు గనుక, గైడు మధ్యలో ఒక రాత్రి ఆగుదమన్నాడు. మేము ఒప్పుకొనలేదు. తిరుగు టిక్కెట్టుకు దినములు లెక్కపెట్టుకొనుచున్నాము. అయ్యగారు ఒప్పుకొనకపోతే మిగిలినవారు మాత్రము ఏమందురు? పెద్దాయన కూడ "నాకేమి, బాగున్నాను" అన్నారు.

దారిలో ఒక వాగు దగ్గర గుఱ్ఱము మీది బరువు జారినది. గైడు సర్దుటకు ఆగి, మమ్మును కూడ ఆగమన్నాడు. దారి స్పష్టముగా కనిపించుచున్నది గదా అని మేము, ఇద్దరు యౌవనస్థులు ముందుకు సాగిపోయాము. మూడవవాడు కూడ కొంతసేపటికి పెద్దాయనను దాటి మమ్మును కలిసికొన్నాడు.

నిమలింగ్ ఒక విశాలమైన మేతభూమి. వేసవిలో లోయలోని పల్లెలవారు పశువులను, గొఱ్ఱెలను అక్కడికి తోలుకొని వెళ్ళుదురు. మేము చేరిన వేళకు ఒక స్త్రీ మందను తోలుకొని వచ్చుచున్నది. ఒక మేకపిల్ల ఆమె చంకలో ఉన్నది. తక్కినవి మేసినచోట ఆమెయు నిలుచుచు, కదిలినప్పుడు కదలుచు వచ్చుచున్నది. మేము తేనీరు త్రాగుచు చూచి ఆనందించాము.

కొంతసేపటికి గైడు పెద్దాయనను పట్టుకొని తెచ్చాడు. దారిలో ఒక బండమీద ఒంటరిగా కూర్చుండియుండగా కనబడ్డారట. మమ్మును చూచి గైడు కేక వేయలేదు. "ఈయన వెనుక ఎవరున్నారు?" అని మాత్రము అడిగాడు. కయీనును దేవుడు అడిగిన ప్రశ్న మాకు జ్ఞాపకము వచ్చినది. జవాబు లేకపోయినది.

పెద్దాయనకు రెండు దినములుగా తలనొప్పి ఉన్నదట. తన వలన ప్రయాణము ఆగునని చెప్పలేదు. ఆ సాయంకాలము అన్నము ముట్టలేదు, రెండుసార్లు వాంతియైనది. గైడు నేలమీద గీత గీసి, ఒక పాదము మడమకు రెండవ పాదము వ్రేళ్ళు తాకునట్లు ఆ గీతపై నడవమన్నాడు. ఆయన నాలుగడుగులు వేసి ప్రక్కకు తూలారు. అది చూచి గైడు ఇక తెల్లవారువరకు ఆగలేదు. ఎత్తు వలన మెదడుకు వాపు వచ్చినప్పుడు మనిషి అట్లు తూలునట. దానికి మందులున్నను, వెంటనే దిగుటయే ముఖ్యమైన మందు. పెద్దాయనను గుఱ్ఱముపై కూర్చుండబెట్టి, టార్చిలైట్ల వెలుగులో తిరిగి హంకర్‌కు దిగాము. ఆ రాత్రి మేము ఆయన కాలు పట్టుకొని గుఱ్ఱము ప్రక్కన నడిచాము. ప్రార్థనకు మాటలు రాలేదు. "ప్రభువా" అనుటయే.

తెల్లవారిన తరువాత ఆయన కన్నులు తెరచి తేనీరు అడిగారు. రెండు దినములలో లేహ్ ఆసుపత్రికి చేర్చాము. సమయమునకు దింపుట వలన బ్రదికారని డాక్టరు గారు చెప్పారు. 5,200 మీటర్లకు పైనున్న కొంగ్‌మరు లా కనుమను దాటుటకు వెళ్ళినవారము, దానిని చూడకనే తిరిగి వచ్చాము. దేవునికి స్తోత్రము, ఐదుగురము తిరిగి వచ్చాము.

ప్రియులారా, ఆసుపత్రి వరండాలో కూర్చుండి ఆదికాండము 33వ అధ్యాయము చదివాము. నాలుగువందల మందితో వచ్చిన ఏశావు, కలిసి వెళ్ళుదము రమ్మని యాకోబును పిలిచాడు. యాకోబు ఒప్పుకొనలేదు. పిల్లలు పసివారనియు, పాలిచ్చు పశువులు తనతో ఉన్నవనియు, ఒక్క దినము వడిగా తోలినను మంద చచ్చుననియు, వాటి నడకకు, పిల్లల నడకకు తగినట్లు మెల్లగా వచ్చెదననియు చెప్పాడు. ఆ మాట చెప్పిన యాకోబు అప్పటికే కుంటుచున్నవాడు. పెనూయేలులో తొడ గూడు వసిలిన తరువాతనే అతడు ఈ మాట పలికినట్లు చూచుచున్నాము. తన కాలు బాగున్న దినములలో పలికియుండెడివాడో లేదో.

అక్కడ మాకు మా సంఘము కనబడినది. కొన్ని సంవత్సరముల క్రితము మందిరము కట్టునప్పుడు కుటుంబమునకు ఇంత అని నిర్ణయించి, ఇచ్చినవారి పేర్లు, బాకీయున్నవారి పేర్లు ఆదివారము చదివించాము. గోడకు బోర్డు కూడ పెట్టాము. మందిరము అనుకొన్న సమయమునకు ముందే పూర్తియైనది. అందరు మెచ్చుకొన్నారు. ఆ ఏడాదిలోనే కూలిపని చేసికొను ఒక విధవరాలు తన ఇద్దరు పిల్లలతో మందిరమునకు రావడము మానినది. విశ్వాసములో చల్లారిపోయినదని తలంచాము. ప్రార్థనలో ఆమె పేరు కూడ ఎత్తాము. ఆమె ఇంటికి మాత్రము వెళ్ళలేదు.

ఇంటికి చేరిన వారములోనే వెళ్ళాము. ఆమె మంచము వాల్చి, మంచినీళ్ళిచ్చి, నిలుచుండియే చెప్పినది. "మీరు పేరు చదువుతారని భయమేసింది అయ్యగారూ. పిల్లలు సిగ్గుపడతన్నారు. తీర్చినాక వద్దామనుకొన్నాను. తీరలేదు." ఆమె బాకీపడినది ఎంతో ఇక్కడ వ్రాయము. వ్రాయుటకు సిగ్గుపడునంత చిన్న మొత్తము. మేము క్షమాపణ అడిగాము. ఆమె ఏడ్చినది, మేమును ఏడ్చాము. ఆ శనివారము సంఘపెద్దలు కూడి ఆ బోర్డును తీసివేశారు. మొదట మేకు లాగినది కొండమీద తూలిన పెద్దాయనే. మూడవ ఆదివారమున ఆమె వచ్చి తలుపు దగ్గర కూర్చున్నది.

తల్లిదండ్రులారా, మీ ఇంటిలో చదువులో వెనుకబడిన బిడ్డ మీకెంత దూరములో నడచుచున్నాడు? వయసు మళ్ళిన అత్తగారు, మామగారు తమ నొప్పిని ఎవరికి చెప్పుకొనుచున్నారు? మీరు భారము కాకూడదని దాచుకొనుచున్నవారు మీ ఇంటిలో ఉన్నారేమో అడిగి చూడుడి. రాత్రి తిన్నారా, నిద్ర పట్టినదా అని ఆ గైడు అడిగిన రెండు ప్రశ్నలు చాలును.

మీ బిడ్డలలో ఎవరైనను ఉద్యోగరీత్యా అటువంటి ఎత్తైన చోట్లకు వెళ్ళుచున్నయెడల, మొదటి రెండు మూడు దినములు విశ్రమించవలెననియు, తలనొప్పి, వాంతి, తూలుట కనబడినయెడల దాచక చెప్పి వెంటనే దిగవలెననియు తప్పక చెప్పి పంపుడి.

మెల్లగా నడిపించు మంచి కాపరీ, ముందు నడచుచు వెనుకకు చూడని మా పాపమును క్షమించుము. మాలో బలహీనుడైనవానిని నీ వెనుకనే నడిపించుము. వానిని దాటిపోకుండ మాకు ఓర్పు దయచేయుము. ఆమేన్.