టీజ్, పెస్టర్

విసిగించడం అనే అర్థంలో మన బిడ్డలు ఈ రెండు ఇంగ్లీషు మాటలను ఒకటిగానే నేర్చుకుంటారు. మూలాలు మాత్రం వేరు.

పాత ఇంగ్లీషులో 'టీజ్' అంటే ఉన్నిని పాయలు పాయలుగా లాగి ఏకడం. కొమురవెల్లి చుట్టుపట్ల కురుమల ఇళ్లలో గొంగడి కోసం ఉన్ని ఏకగా చూసినవారికి వేరే చెప్పనక్కరలేదు. చెల్లెలి జడ లాగి కాసేపు ఏడిపించి, మళ్లీ నవ్వించే అన్న చేసేది అదే.

'పెస్టర్' ఫ్రెంచి నుండి వచ్చింది. మేతకు విడిచిన పశువు దూరం పోకుండా కాళ్లకు వేసే బందం దాని మూలం. ఫోను కొనిమ్మని పూటకు పదిసార్లు సతాయించే పిల్లవాడు తల్లిని అట్లాగే కదలనియ్యడు. (సతాయించడమూ మనకు ఉర్దూ ఇచ్చిన మాటే.)

బస్టాండులో ఆడపిల్లల వెంటపడడాన్ని పత్రికలు చాలాకాలం 'ఈవ్ టీజింగ్' అన్నాయి. ఆ పేరు మాకు నచ్చదు. వద్దన్నా వెంటపడడం నేరమని 2013లో చట్టమే చేశారు. ఆ భయానికి కాలేజీ మానుకున్న బిడ్డ కాలికి పడింది బందం కాదా? ఇంట్లో చెబితే చదువు మాన్పిస్తారని కొందరు బిడ్డలు చెప్పనే చెప్పరు.