బస్తా ఒక్కటే చాలదు, నేల కూడా పనిచేయాలి

2025 వానాకాలంలో జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి జిల్లాల రైతులం యూరియా కోసం తెల్లారకముందే చెప్పులు, పాస్‌బుక్కులు వరుసలో పెట్టి నిలబడ్డాం. ఎరువు సకాలంలో అందించే బాధ్యత ప్రభుత్వానిదే, ఆ విషయంలో మన కొట్లాట ఆగదు. అయితే అంత కష్టపడి తెచ్చిన బస్తా మన చెల్కలో ఏమవుతోందో కూడా మాట్లాడుకోవాలి.

యూరియాలో 46 శాతం నత్రజని ఉంటుంది. అందులో ఎక్కువ భాగం పైరుకు అందాలంటే ముందు నేలలోని 'యూరియేజ్' అనే ఎంజైము దాన్ని విడగొట్టాలి. ఎంజైమంటే ప్రాణులు తయారుచేసే మాంసకృత్తు. మన కడుపులో అన్నాన్ని అరిగించేవీ ఎంజైములే. నేలలో 'ఫాస్ఫటేజ్' భాస్వరాన్ని విడుదల చేస్తుంది, 'సెల్యులేజ్' గడ్డిని, ఆకును కుళ్లబెడుతుంది. వీటిని తయారుచేసేది సూక్ష్మజీవులు, పైరు వేళ్లు. ఆ సూక్ష్మజీవులకు తిండి సేంద్రియ పదార్థం. బాగా చివికిన పెంటలోని జిగురు పదార్థాలు ఎంజైములను పట్టి ఉంచి, తొందరగా పాడవకుండా కాపాడతాయి కూడా.

పెంట లేని ఎర్రచెల్కలో తడి నేల మీద యూరియా చల్లి వదిలేస్తే, అది విడిపోయి వచ్చిన అమ్మోనియాలో కొంత గాలిలో కలిసిపోతుంది. దాన్ని పట్టి ఉంచే శక్తి ఆ నేలకు తక్కువ. డీఏపీ దండిగా వేస్తే భాస్వరాన్ని విడిపించే ఎంజైము తగ్గుతుంది. అప్పుడు నేల బస్తా మీదనే ఆధారపడుతుంది, మనం అప్పు మీద ఆధారపడతాం.

ఇది వట్టి మాట కాదు. జగిత్యాల వ్యవసాయ పరిశోధన స్థానంలో 2000 నుంచి వరి మీద వరి వేస్తూ దీర్ఘకాల ఎరువుల ప్రయోగం నడుస్తోంది. రసాయన ఎరువు ఒక్కటే వేసిన మడికన్నా, దానితో పాటు పశువుల పెంట వేసిన మడిలో ఎంజైముల పని ఎక్కువగా కనిపించింది. మన జనగామ జిల్లా లింగాల ఘనపురం మండలంలోని ఏనబావి రైతులు ఊరంతా ఒక్కమాట మీద నిలబడి, 2006 నాటికే రసాయనాలు వదిలేశారు. అందరూ ఒక్కసారే అలా మారాలని మేం అనడం లేదు. పెంట, ఎరువు రెండూ కలిపి వాడినా నేల కోలుకుంటుంది.

ఒక జాగ్రత్త అవసరం. సేంద్రియమని ఏది పడితే అది వేయొద్దు. పచ్చి పెంట, చివకని పత్తి కట్టె వేస్తే, దాన్ని కుళ్లబెట్టడానికి సూక్ష్మజీవులు నేలలోని నత్రజనినే లాక్కుంటాయి, పైరు పసుపు పచ్చబడుతుంది. వేప తీరు వేరు. అమ్మోనియాను నైట్రేటుగా మార్చే సూక్ష్మజీవుల పనిని అది నెమ్మది చేస్తుంది. 2015 నుంచి యూరియా మొత్తానికి వేపపూత తప్పనిసరి చేసింది అందుకే.

మరి పెంట ఎక్కడిది? ఎడ్లు పోయినయి, ట్రాక్టర్లు వచ్చినయి. గొర్ల మంద పెట్టించాలన్నా పైసలు కావాలి. పత్తి కట్టె కాలబెడుతున్నాం, వరిగడ్డి అమ్ముకుంటున్నాం. అన్నిటికన్నా పెద్ద అడ్డంకి కౌలు. నేల కోలుకోవడానికి ఏండ్లు పడుతుంది, కౌలు మాట ఒక్క ఏడాదికే ఉంటుంది. వచ్చే ఏడు ఎవరికి పోతుందో తెలియని చెల్కకు కౌలురైతు పెంట ఎందుకు తోలుతాడు? 2011 నాటి సాగుదారుల గుర్తింపు చట్టాన్ని పక్కనపెట్టి, నేల ఆరోగ్యం గురించి రైతుకు నీతులు చెబితే ఎట్లా?

2015లో వచ్చిన భూసార కార్డులో 12 పరీక్షలున్నాయి. అందులో సేంద్రియ కర్బనం ఒకటి. అది 0.5 శాతం లోపుంటే తక్కువని లెక్క. నేలలో జీవం ఎంతుందో చెప్పే పరీక్ష ఒక్కటీ లేదు.

అందుకే మా డిమాండ్లు ఇవి. జీలుగ, జనుము విత్తనం మొదటి వానకు ముందే సబ్సిడీ మీద ఊరికి చేరాలి. పత్తి కట్టె ముక్కలు చేసే యంత్రాలు సొసైటీల్లో కిరాయికి దొరకాలి. చెరువు పూడికమట్టిని పరీక్ష చేసి చెల్కలకు తోలించాలి. కౌలురైతుకు గుర్తింపు కార్డు ఇవ్వాలి. భూసార పరీక్షలో ఎంజైముల పరీక్ష చేర్చాలి.

ఇక మనం చేయగలిగింది మనం చేద్దాం. ఈ యాసంగి అయిపోయినంక ఒక్క ఎకరంలోనైనా కట్టె కాలబెట్టకుండా కుళ్లబెడదాం. వానాకాలం నాట్లకు ముందు జీలుగ వేసి, పూత దశలో కలియదున్నుదాం.