అక్రా ఖర్చుకు డాలర్ల లెక్క కుదరదు

తెలిసినవాళ్ళ అమ్మాయి ఘనా రాజధాని అక్రా చూసి రావాలనుకుంటోంది. మరీ చౌకా కాదు, మరీ ఖరీదూ కాదు, మధ్యరకంగా ఎంతవుతుందని అడిగితే ఒక ట్రావెల్స్ ఆఫీసు ఇచ్చిన అంచనా కాగితం ఈ వారం నా చేతికొచ్చింది. చదివితే ఒళ్ళు మండింది. అంతా డాలర్లే. రోజంతా డ్రైవరుతో కారు, మూడు పూటలా హోటల్లోనే భోజనం. ప్రతి పద్దు పక్కనా ‘భద్రత దృష్ట్యా’ అన్న మాట. ఘనా వాళ్ళ కరెన్సీ సెడీ ఊసే లేదు.

మొదట రాయాల్సిన పద్దు ఎల్లో ఫీవర్ టీకా. అదే రాయలేదు. టీకా వేయించుకున్నట్టు చూపే కార్డు లేనిదే ఘనా రానివ్వదు, తిరిగొచ్చాక మన విమానాశ్రయంలోనూ అడుగుతారు. టీకా వేయించుకున్న 10 రోజులకు గానీ కార్డు చెల్లదు. హైదరాబాద్‌లో అయితే నారాయణగూడలోని ఐపీఎంలో (ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్) వేస్తారు.

2025 ఏప్రిల్‌లో డాలరుకు 15 సెడీలు దాటి వచ్చేవి. మే నెలాఖరుకు 10 చిల్లరే. డాలర్లను నమ్ముకున్నవాడి డబ్బు మూడో వంతు దాకా కరిగిపోయింది. లెక్క సెడీల్లో వేసుకుని, కొంత చేతిలో మిగుల్చుకోవాలి. గదికి మాత్రం కాస్త ఎక్కువే పెట్టుకోండి, అక్రాలోని ఓసు పేట వైపు చూడండి. డిసెంబరు వద్దు. 2019లో ఘనా ‘ఇయర్ ఆఫ్ రిటర్న్’ జరిపినప్పటి నుంచి విదేశాల్లోని ఆఫ్రికా సంతతి వాళ్ళు ఆ నెలలోనే పోటెత్తుతున్నారు, అద్దెలు అందవు.

తిండి దగ్గర నేను రాజీపడను. హోటల్లో టోస్టు తినడానికి అంత దూరం పోవాలా? పొద్దున్నే ‘వాచే’ అనే అన్నం అమ్మే ఆవిడ దగ్గర వరుసలో నిలబడాలి. బియ్యం, బొబ్బర్లు కలిపి, జొన్న ఆకు తొడుగులు వేసి ఉడికిస్తారు. అన్నం ఎర్రబారుతుంది. పైన గారీ అనే కర్రపెండలం పొడి, ఉడికిన గుడ్డు, నల్లటి షిటో కారం. షిటోలో ఎండు చేపలో రొయ్యలో ఉంటాయి కాబట్టి శాకాహారులు అది వద్దనాలి. మధ్యాహ్నం చాప్ బార్ అనే చిన్న భోజనశాలలో బంకు (పులిసిన మొక్కజొన్న పిండి ముద్ద), చేప. తిరగడానికి ట్రోట్రో అనే షేర్ వ్యాన్ ఉంది. దాని కండక్టరు (మేటు) కిటికీలోంచి వంగి ‘సర్క్, సర్క్’ అని అరిస్తే బండి సర్కిల్ అనే కూడలికి పోతున్నట్టు. వెనక సీట్లవాళ్ళ చిల్లర చేతులు మారుతూ అతనికి చేరుతుంది. రాత్రయితే యాప్‌లో కారు పిలుచుకోవచ్చు. ఇలా మిగిలిన డబ్బంతా తీరంలోని ఎల్మినా, కేప్ కోస్ట్ కోటలకు పెట్టాలి. పోర్చుగీసులు 1482లో మొదలుపెట్టిన ఎల్మినా కోటలో, బానిసలుగా అమ్మే మనుషుల్ని కుక్కిన ఆ చీకటి గదుల్లో గైడు చెప్పేది నింపాదిగా వినాలి.

ఆ కోటల్లో విదేశీయులకు టికెట్టు ఎక్కువని ఆ కాగితంలో ఫిర్యాదొకటి! మన గోల్కొండలో మనకు 25 రూపాయలు, ఘనా నుంచి వచ్చినవాడికి 300. టికెట్టుతో పోతే పర్వాలేదు. చదువుకోవడానికి హైదరాబాద్ వచ్చిన ఆఫ్రికా కుర్రాడు టులెట్ బోర్డు చూసి తలుపు కొడితే, ముఖం చూడగానే ‘నిన్ననే ఇచ్చేశాం’ అనే ఇంటివాళ్ళు మనలో ఎందరు లేరు? బోర్డు మాత్రం మర్నాడూ గేటుకే ఉంటుంది. అక్రాలో మన పిల్ల భద్రతకు అన్ని పద్దులు రాసిన మనం, ఆ కుర్రాడికి గది ఎందుకివ్వమో కూడా రాయాలి.