అమ్ముకున్నారు సరే, లాక్కున్నదెవరు?

అమెరికా సముద్రతీర పట్టణాల గురించి వచ్చే ఫీచర్లలో ఒకే కథ మళ్లీ మళ్లీ కనిపిస్తుంది. తాత ఒడ్డున చిన్న మినీ గోల్ఫ్ మైదానం పెడతాడు. తండ్రి పక్కనే ఐస్‌క్రీం దుకాణం తెరుస్తాడు. మనవరాలు ఇప్పటికీ అక్కడే కూర్చుని టికెట్లు ఇస్తుంటుంది. చదవడానికి హాయిగా ఉంటుంది. కానీ ఈ కథ సాగాలంటే మూడు తరాలపాటు ఆ భూమి జోలికి ఎవరూ రాకూడదు. ఆ సంగతి మాత్రం ఈ ఫీచర్లలో ఉండదు.

అలాంటి కథ ఒకటి కాలిఫోర్నియాలో మొదటి తరంలోనే ఆగిపోయింది. లాస్ ఏంజెలస్ దగ్గర మాన్‌హాటన్ బీచ్ అనే పట్టణంలో 1912లో విల్లా బ్రూస్ అనే నల్లజాతి మహిళ సముద్రం ఒడ్డున 1,225 డాలర్లకు ఒక ప్లాటు కొన్నారు. దస్తావేజు ఆమె పేరునే ఉంది. భర్త చార్లెస్ రైళ్ల భోజనశాలల్లో వంటవాడు. మొదట కూల్‌డ్రింకులు, తినుబండారాలు అమ్మే చిన్న దుకాణం పెట్టారు. తర్వాత స్నానాలకు వచ్చేవాళ్లకు గదులు, కేఫ్, డాన్స్ హాలు, బస ఏర్పాట్లు వచ్చాయి. దక్షిణ కాలిఫోర్నియా తీరంలో నల్లవాళ్లను రానిచ్చే చోట్లు బహు తక్కువ. అందుకే ఆదివారాలు జనం దూరాల నుంచి ఇక్కడికి వచ్చేవారు. 1920లో బ్రూస్ దంపతులు పక్క ప్లాటు కూడా కొన్నారు. మరికొన్ని నల్లజాతి కుటుంబాలు చుట్టుపక్కల ఇళ్లు కట్టుకున్నాయి.

వేధింపులు మొదటి రోజుల నుంచే ఉన్నాయి. బ్రూస్ ప్లాటుకూ నీళ్లకూ మధ్యనున్న ఇసుక వేరే యజమానిది. అతను దాన్ని తాడు కట్టి మూసేశాడు. ఎదురుగా కనిపిస్తున్న సముద్రంలో కాలు పెట్టడానికి దాదాపు అర మైలు చుట్టూ తిరిగి వెళ్లాలి. ఊరి చివర నుంచి చుట్టూ తిరిగి చెరువుకు పోయిన వాళ్లకు ఈ తాడు గురించి వివరించి చెప్పనక్కర్లేదు. కార్ల టైర్లు కోసేవారు. నిప్పు పెట్టే ప్రయత్నం కూడా జరిగిందంటారు. అయినా జనం రావడం మానలేదు.

దౌర్జన్యంతో కాని పని చట్టంతో అయింది. 1924లో నగర కౌన్సిల్ పార్కు కోసం, అంటే ప్రజా ప్రయోజనం పేరుతో, నిర్బంధ భూసేకరణకు తీర్మానం చేసింది. బ్రూస్ దంపతులు భూమికీ నష్టపరిహారంగానూ కలిపి 1,20,000 డాలర్లు అడిగితే చేతికొచ్చింది 14,500. 1927లో కట్టడాలన్నీ కూల్చేశారు. భార్యాభర్తలు లాస్ ఏంజెలస్ వెళ్లి ఇతరుల దగ్గర వంట పనికి కుదిరారు. కొన్నేళ్లకే ఇద్దరూ చనిపోయారు. అంత అవసరమన్న పార్కు మాత్రం దశాబ్దాల పాటు ఖాళీ జాగాగానే పడి ఉంది.

ఇక్కడ రెండు తారీఖులు పక్కపక్కన పెట్టకుండా ఉండలేకపోతున్నాం. అదే 1924లో మహద్ పురపాలక సంఘం చవదార్ చెరువును అందరికీ తెరుస్తూ తీర్మానం చేసింది. అది కాగితం దాటలేదు. 1927 మార్చి 20న అంబేద్కర్ వేలమందితో వెళ్లి ఆ నీళ్లు ముట్టారు. అదే ఏడాది జూలైలో మాన్‌హాటన్ బీచ్‌లో నల్లజాతి హక్కుల సంస్థ ఎన్‌ఏఏసీపీ కార్యకర్తలు నిషేధాన్ని ధిక్కరించి సముద్రంలో దిగి అరెస్టయ్యారు. వారికన్నా కొద్దిరోజుల ముందు అరెస్టయిన ఎలిజబెత్ కాట్లీ పందొమ్మిదేళ్ల విద్యార్థిని. ఆ తర్వాతే బీచ్ అందరికీ తెరుచుకుంది. అప్పటికి బ్రూస్ కుటుంబం అక్కడ లేదు.

2020లో జార్జ్ ఫ్లాయిడ్ హత్య తర్వాత కేవన్ వార్డ్ వంటి వాళ్లు ఆ భూమి తిరిగివ్వాలని ఉద్యమించారు. అప్పటికి బ్రూస్ ప్లాట్లు నగరం నుంచి రాష్ట్రానికీ, 1995లో షరతులతో లాస్ ఏంజెలస్ కౌంటీకీ మారాయి. ఆ షరతులు తొలగించడానికి 2021లో రాష్ట్ర శాసనసభ ప్రత్యేక చట్టమే చేయాల్సి వచ్చింది. 2022లో కౌంటీ ఆ భూమిని వారసులకు రాసిచ్చింది. అక్కడున్న లైఫ్‌గార్డుల కార్యాలయం కోసం ఏడాదికి 4,13,000 డాలర్ల అద్దెకు మళ్లీ తీసుకుంది. 2023 జనవరిలో కుటుంబం దాన్ని 2 కోట్ల డాలర్లకు కౌంటీకే అమ్మేసింది.

ఆ వార్త విని మాలోనూ కొందరం నిరాశపడ్డాం. ఆ నిరాశను కాస్త తవ్వి చూస్తే అడుగున ఉన్నది మనకు బాగా తెలిసిన మాటే. "వీళ్లకు భూములిస్తే అమ్ముకుంటారు." ఊళ్లో రచ్చబండ నుంచి రెవెన్యూ ఆఫీసు దాకా విన్న మాట. పెద్ద కులాల వాళ్లు పొలమమ్మి హైదరాబాద్‌లో అపార్ట్‌మెంటు కొంటే దాన్ని పెట్టుబడి అంటారు.

అసలు ఆ వారసుల చేతికొచ్చింది ఏమిటి? ఆ స్థలం ప్రజావసరాల జోన్‌లో ఉంది. అక్కడ హోటలో కేఫో కట్టాలంటే జోన్ మార్పించుకోవాలి. దానికి ఏళ్లు పడుతుంది, ఆ తర్వాతైనా వస్తుందన్న హామీ లేదు. ముత్తవ్వ నడిపిన వ్యాపారాన్ని మునిమనవళ్లు అదే నేలమీద నడపలేరు. తిరిగొచ్చింది భూమి పత్రం. 1927 నుంచి జరగాల్సిన వ్యాపారం, దానిమీద పెరగాల్సిన తరాలు తిరిగి రాలేదు. అలాంటప్పుడు అమ్మడం తప్ప వాళ్లు చేయగలిగిందేమిటో విమర్శించేవాళ్లు చెప్పాలి.

మన అసైన్డ్ భూముల చర్చకు ఇది పనికొస్తుందని మా అభిప్రాయం. 1977 చట్టం అసైన్డ్ భూమి అమ్మకాన్ని నిషేధించింది. అన్యాక్రాంతమైతే వెనక్కి తీసుకుని అసలు లబ్ధిదారుకో వారసులకో ఇవ్వాలని కూడా చెప్పింది. అంటే కాలిఫోర్నియా 2021లో ప్రత్యేకంగా చేసుకున్న పని మన చట్టంలో ముందునుంచే రాసి ఉంది. మన దగ్గర లేనిది అమలు. ఇక ప్రజా ప్రయోజనం పేరుతో ప్రభుత్వమే ఆ భూమి తీసుకుంటే పూర్తి యజమానులతో సమానంగా పరిహారం ఇవ్వాలని ఉమ్మడి హైకోర్టు 2004లో మేకల పాండు కేసులో చెప్పాల్సి వచ్చింది. 2023లో ఆంధ్రప్రదేశ్ చట్టాన్ని సవరించి, ఇచ్చి ఇరవై ఏళ్లు నిండిన సాగు భూములకు అమ్మే హక్కు ఇచ్చింది. రియల్ ఎస్టేట్ వాళ్లు ఎగరేసుకుపోతారన్న భయం ఉత్తదేమీ కాదు. అమ్మే హక్కు లేని భూమి మీద బ్యాంకు అప్పు పుట్టదన్న మాట కూడా అంతే నిజం. అమ్మాలా వద్దా అని దళిత రైతును నిలదీసే ముందు, దుక్కికి పెట్టుబడి, బోరుకు కరెంటు, గట్టు మీద పక్క రైతు నుంచి రక్షణ ఉన్నాయా అని తహసీల్దారును అడగాలి.

కాలిఫోర్నియా కథ కూడా ఇంకా తేలలేదు. బ్రూస్ దంపతులతోపాటు ఇళ్లు పోగొట్టుకున్న మిగతా నల్లజాతి కుటుంబాల స్థలాలు పార్కులో కలిసిపోయాయి. అవి కౌంటీవి కావు, నగరానివి. 2021లో ఆ నగర కౌన్సిల్ జరిగినదాన్ని ఖండిస్తూ తీర్మానం చేసింది, క్షమాపణ చెప్పడానికి మాత్రం ఒప్పుకోలేదు. ఆ పార్కుకిప్పుడు బ్రూస్ బీచ్ అని పేరు. ఆ నేల ఇప్పటికీ నగరం చేతిలోనే ఉంది.