బ్రిటన్‌లో కారు కొనడం తేలికే.. నడిపే అర్హతే ఖరీదు!

టోలిచౌకీలోనో, గుంటూరు ఆనందపేటలోనో ఒక ఇంట్లో రాత్రి పూట ఫోన్ మోగుతుంది. బ్రిటన్‌లో చదువుకుంటున్న కొడుకు వీడియో కాల్‌లో పాత కారు చూపిస్తాడు. "అమ్మీ, సెకండ్‌హ్యాండ్‌లో చాలా సస్తాగా వచ్చింది" అంటాడు. ఇంట్లో అందరూ ముబారక్ చెప్తారు. బస్సు కోసం చలిలో నిలబడే బాధ తప్పిందని తల్లి సంతోషపడుతుంది. కానీ ఆ కాల్‌లో ఎవరూ అడగని ప్రశ్న ఒకటుంది. బేటా, ఆ కారు నువ్వు నడపడానికి అక్కడి చట్టం ఒప్పుకుంటుందా?

బ్రిటన్‌లో ఇప్పుడు కారు ఉన్నవాళ్లందరి నోటా దాదాపు ఇవే మాటలు. డ్రైవింగ్ టెస్టుకు నెలల తరబడి ఎదురుచూపులు, మోయలేని ఇన్సూరెన్స్, గుంతల రోడ్లు, ఏటా చేయించాల్సిన ఫిట్‌నెస్ పరీక్ష. ఈ సమస్యలు అక్కడ పుట్టినవాళ్లకీ ఉన్నాయి. అయితే కొత్తగా వెళ్లినవాళ్లకు ఇవన్నీ ఒకేసారి, ఒకే ఏడాదిలో మీద పడతాయి. అందుకే ఈ విషయం మన ఇళ్లకూ సంబంధించిందే.

పన్నెండు నెలల గడువు

భారతీయ లైసెన్సుతో బ్రిటన్‌లో కారు నడపొచ్చు. కానీ అది అక్కడ నివాసం మొదలైన రోజు నుంచి 12 నెలల వరకే. మన లైసెన్సు మీద ఇంకా పదేళ్ల గడువు ఉన్నా లాభం లేదు. కొన్ని దేశాల లైసెన్సులను బ్రిటిష్ లైసెన్సుగా మార్చి ఇస్తారు గానీ, ఆ జాబితాలో భారత్ లేదు. అంటే ఇక్కడ ఇరవై ఏళ్లు బండి నడిపినవాళ్లయినా అక్కడ మొదటి నుంచి రావాల్సిందే. ముందు ప్రొవిజనల్ లైసెన్సు, తర్వాత థియరీ పరీక్ష, ఆ తర్వాత రోడ్డు మీద ప్రాక్టికల్ టెస్టు.

ఇక్కడే అసలు చిక్కు. ప్రాక్టికల్ టెస్టు రాసే రోజుకు ముందు 365 రోజుల్లో కనీసం 185 రోజులు అక్కడ నివసించి ఉండాలి. అంటే మొదటి ఆరు నెలలు టెస్టు ఇవ్వడానికే వీల్లేదు. మిగిలింది ఇంకో ఆరు నెలలు. మరి టెస్టు తేదీ దొరకడానికి ఎంత కాలం పడుతోంది? అక్కడి జాతీయ ఆడిట్ కార్యాలయం లెక్క ప్రకారం 2025 సెప్టెంబరులో సగటు నిరీక్షణ 22 వారాలు. దాదాపు ఐదు నెలలు. కోవిడ్‌కు ముందు, 2020 ఫిబ్రవరిలో ఇది ఐదు వారాలే.

సరే, తేదీ దొరికింది, ఫెయిల్ అయ్యారు అనుకుందాం. అది అరుదేమీ కాదు, సగం మందికి పైగా ఫెయిల్ అవుతున్నారు. మళ్లీ క్యూలో మొదటికి. ఈలోగా 12 నెలలు దాటిపోతే, నిన్నటిదాకా ఒంటరిగా కారు నడిపిన మనిషి ఇవాళ్టి నుంచి చట్టం దృష్టిలో నేర్చుకునే విద్యార్థి. బండికి ఎల్ బోర్డు పెట్టాలి. పక్క సీట్లో 21 ఏళ్లు దాటి, మూడేళ్లుగా పూర్తి లైసెన్సు ఉన్న మనిషి కూర్చోవాలి. తెలియక పాత అలవాటు ప్రకారం ఒక్కడే వెళ్తే అది నేరం.

"మెహదీపట్నం ట్రాఫిక్‌లో నడిపినవాడు ప్రపంచంలో ఎక్కడైనా నడుపుతాడు" అని మనవాళ్లు గర్వంగా అంటుంటారు. చేతి నైపుణ్యం వరకు నిజమే కావచ్చు. కానీ అక్కడి టెస్టు చూసేది నైపుణ్యం ఒక్కటే కాదు, అలవాట్లు కూడా. అద్దాలు చూశాడా, రౌండ్అబౌట్ దగ్గర కుడివైపు నుంచి వచ్చేవాళ్లకు దారిచ్చాడా, 20 మైళ్ల హద్దు ఉన్న వీధిలో వేగం తగ్గించాడా అని చూస్తారు. చిన్న తప్పులు 15 దాటినా, పెద్ద తప్పు ఒక్కటి చేసినా ఫెయిలే. మన దగ్గర హారన్ లేకుండా బండి కదలదు. అక్కడ ఆగి ఉన్న కారులో హారన్ కొట్టడమే తప్పు.

థియరీ పరీక్షలో 50 ప్రశ్నలకు 43 సరిగ్గా రాయాలి. ప్రమాదాన్ని ముందే పసిగట్టే వీడియో భాగంలో 75కి 44 రావాలి. ఒకప్పుడు ఈ పరీక్షను ఉర్దూ సహా పలు భాషల్లో విని రాసే వీలుండేది. 2014 ఏప్రిల్ నుంచి దాన్ని తీసేశారు. ఇప్పుడు ఇంగ్లిష్, వెల్ష్ మాత్రమే. విద్యార్థులకు ఇది సమస్య కాకపోవచ్చు గానీ, డిపెండెంట్ వీసా మీద వెళ్లే ఇల్లాళ్లలో కొందరికి ఇదే పెద్ద అడ్డంకి.

క్యూ ఎందుకు తగ్గడం లేదు?

2020-21లో కోవిడ్ వల్ల దాదాపు 11 లక్షల టెస్టులు జరగలేదని ఆడిట్ కార్యాలయం అంచనా. ఆ భారం ఇంకా దిగలేదు. ఎగ్జామినర్లు చాలినంత మంది లేరు, చేర్చుకున్నవాళ్లు నిలవడం లేదు. తేదీలు దొరకవన్న భయంతో, ఇంకా నేర్చుకోనివాళ్లు కూడా ముందే బుక్ చేసేస్తున్నారు. దాంతో క్యూ ఇంకా పెరుగుతోంది. మన దగ్గర పండగ సీజన్‌లో రైలు టికెట్లకు జరిగేదే అక్కడ టెస్టులకు జరుగుతోంది.

టికెట్లున్న చోట బ్లాక్ మార్కెట్ కూడా ఉంటుంది కదా. పనిరోజుల్లో టెస్టు అసలు ఫీజు 62 పౌండ్లు. కంప్యూటర్ ప్రోగ్రాములతో స్లాట్లు ఎగరేసుకుపోయి, వాటినే వందల పౌండ్లకు అమ్ముకునే దళారులు తయారయ్యారు. దీన్ని ఆపడానికి 2026 వసంతం నుంచి అభ్యర్థులే స్వయంగా బుక్ చేసుకోవాలన్న నిబంధన తెస్తున్నట్టు రవాణా మంత్రి హైదీ అలెగ్జాండర్ 2025 నవంబరులో ప్రకటించారు. సైన్యం నుంచి కూడా ఎగ్జామినర్లను తెచ్చారు. నిరీక్షణను ఏడు వారాలకు దించాలన్నది సర్కారు లక్ష్యం. అది 2027 నవంబరు దాకా సాధ్యపడేలా లేదని ఆడిట్ నివేదిక చెబుతోంది.

ప్రభుత్వ నిర్వహణ లోపానికి శిక్ష పడుతున్నది మాత్రం సామాన్యుడికే. టెస్టు దొరకక ఉద్యోగాలు వదులుకున్నవాళ్లు అక్కడి గ్రామాల్లోనూ ఉన్నారు. బయటి నుంచి వెళ్లినవాళ్లకు ఒక్క తేడా, వాళ్ల లైసెన్సు గడువు ఆ క్యూ కోసం ఆగదు.

ఇన్సూరెన్స్ బండికి కాదు, మనిషికి

మనవాళ్లు ఎక్కువగా పొరబడేది ఇక్కడే. మన దగ్గర ఇన్సూరెన్స్ బండికి ఉంటుంది. లైసెన్సు ఉన్న తమ్ముడు, బావ, దోస్తు ఎవరు నడిపినా సాధారణంగా పర్వాలేదు. బ్రిటన్‌లో ఇన్సూరెన్స్ ప్రధానంగా మనిషిని బట్టి ఉంటుంది. పాలసీలో పేరు లేనివాడు "ఐదు నిమిషాలే భాయ్" అని రూమ్‌మేట్ కారు తీసుకెళ్లినా ఇన్సూరెన్స్ లేకుండా నడిపినట్టే లెక్క.

అంతే కాదు, దేనికి నడుపుతున్నారన్నది కూడా ముఖ్యం. సొంత పనులకని తీసుకున్న పాలసీతో రోజూ ఆఫీసుకు వెళ్లకూడదు, దానికి వేరుగా చెప్పాలి. ఫుడ్ డెలివరీకైతే పూర్తిగా వేరే పాలసీ కావాలి. పైగా స్టూడెంట్ వీసా మీద సొంత ఉపాధి చేయకూడదు, కాబట్టి వేరేవాళ్ల ఖాతా మీద డెలివరీలు చేసే కుర్రాడు రెండు చట్టాలను ఒకేసారి దాటుతున్నాడు.

పట్టుబడితే? ఇన్సూరెన్స్ లేకుండా నడిపితే 300 పౌండ్ల జరిమానా, లైసెన్సుపై 6 పాయింట్లు. కొత్తగా టెస్టు పాసైనవాళ్లకు రెండేళ్లలోపు 6 పాయింట్లు పడితే లైసెన్సు రద్దవుతుంది. కష్టపడి సంపాదించినది పోయి, మళ్లీ ఆ క్యూలోకే వెళ్లాలి. పోలీసులు కారును అక్కడికక్కడే స్వాధీనం చేసుకోగలరు. నంబర్ ప్లేటు చదివే కెమెరాలు ఉన్నాయి కాబట్టి "ఎవరూ ఆపరులే" అన్న ధీమా పనికిరాదు. కేసు కోర్టుకెళ్లి శిక్ష పడితే, రేపు వీసా దరఖాస్తులో ఆ సంగతి చెప్పుకోవాల్సి ఉంటుంది.

పేరును బట్టా? వీధిని బట్టా?

ప్రీమియం ఎక్కువ పడుతోందన్నది అక్కడి యువకులందరి బాధ. ముస్లిం కుటుంబాల్లో దానికి తోడు ఇంకో అనుమానం ఉంది. 2018లో ఒక పత్రిక మిగతా వివరాలన్నీ ఒకేలా ఉంచి, పేరు మాత్రం మార్చి ధరలు అడిగింది. మొహమ్మద్ అన్న పేరుకు కొన్నిచోట్ల ఎక్కువ ధర వచ్చిందని రాసింది. కంపెనీలు ఆ ఆరోపణను తోసిపుచ్చాయి. జాతిని చూసి ధర పెంచడం 2010 సమానత్వ చట్టం ప్రకారం నిషిద్ధం.

2022లో సిటిజన్స్ అడ్వైస్ అనే స్వచ్ఛంద సంస్థ దీన్ని ఇంకా లోతుగా పరిశీలించింది. ఒకే ప్రాంతంలో ఉన్నవాళ్ల మధ్య పేరును బట్టి చెప్పుకోదగ్గ తేడా కనబడలేదు. తేడా ప్రాంతంలో ఉంది. శ్వేతజాతేతరులు సగానికి మించి ఉన్న పోస్ట్‌కోడ్లలో ఏడాదికి కనీసం 280 పౌండ్లు ఎక్కువ పడుతోందని ఆ సంస్థ తేల్చింది. ప్రమాదాలు, దొంగతనాలు ఎక్కువ ఉన్న చోట ధర పెరుగుతుందని పరిశ్రమ వాదన. నేరాలు, ట్రాఫిక్, పేదరికం లాంటివి లెక్కలోకి తీసుకున్నా ఈ తేడా పూర్తిగా తేలడం లేదన్నది ఆ సంస్థ మాట.

ఇది గమనించాల్సిన విషయం. పేరు చూసి ఎక్కువ అడిగితే అది వివక్ష అని అందరికీ అర్థమవుతుంది. పోస్ట్‌కోడ్ చూసి అడిగితే అది లెక్క అంటారు. కానీ మసీదు, హలాల్ దుకాణం, తెలిసిన నాలుగు మొహాలు ఉన్న పేటలోనే కొత్తగా వచ్చినవాడు ఇల్లు వెతుక్కుంటాడు. అప్పుడు బిల్లు కట్టేవాళ్లు మాత్రం ఒకే రకం మనుషులవుతారు. పేరు అడక్కుండానే పేరున్నవాళ్లందరి దగ్గరా వసూలు చేసినట్టే.

ఏడాది ప్రీమియం ఒకేసారి కట్టలేనివాళ్లు నెలవారీ వాయిదాలకు వెళ్తారు. చాలా పాలసీల్లో అది వడ్డీతో కూడిన అప్పే. సూద్‌కు దూరంగా ఉండాలనుకునే కుటుంబాలు ఈ సంగతి ముందే తెలుసుకుని డబ్బు సర్దుకోవడం మంచిది.

రెండు మోసాలు

ప్రీమియం భారం తప్పించుకోవాలని కొందరు తండ్రి పేరునో, మామ పేరునో ప్రధాన డ్రైవరుగా రాయించి, తాము రెండో డ్రైవరుగా చేరతారు. నిజానికి బండి రోజూ నడిపేది కుర్రాడే. దీన్ని అక్కడ "ఫ్రంటింగ్" అంటారు. ఇంట్లోవాళ్లకు ఇది సర్దుబాటుగా కనిపిస్తుంది, చట్టం దృష్టిలో మోసం. ప్రమాదం జరిగితే కంపెనీ చేతులెత్తేస్తుంది.

రెండోది ఇంకా ప్రమాదకరం. సోషల్ మీడియాలో "సగం ధరకే ఇన్సూరెన్స్" అంటూ నకిలీ పాలసీలు అమ్మే దళారులు. వీళ్లను అక్కడ "ఘోస్ట్ బ్రోకర్లు" అంటున్నారు. కాగితం అచ్చం అసలుదిలాగే ఉంటుంది. పోలీసులు ఆపిన రోజు గానీ అది ఉత్త కాగితమని తెలియదు. కొత్తవాళ్లు, భాష అంతగా రానివాళ్లు, సొంతవాళ్ల మాట నమ్మేవాళ్లే వీళ్ల గిరాకీ. బండికి ఇన్సూరెన్స్ ఉందో లేదో మోటార్ ఇన్సూరర్స్ బ్యూరో డేటాబేస్‌లో చూసుకోవచ్చు.

సస్తా కారు వెనక ఖర్చు

మూడేళ్లు దాటిన ప్రతి కారుకూ ఏటా ఎంఓటీ పరీక్ష ఉంటుంది. మన దగ్గర సొంత కారుకు పదిహేనేళ్ల దాకా ఫిట్‌నెస్ బెడద లేదు కాబట్టి ఇది చాలామందికి కొత్త. పరీక్ష ఫీజు గరిష్ఠంగా 54.85 పౌండ్లే. అసలు ఖర్చు ఫెయిలైతే చేయించే రిపేర్లది. టైరు అరుగుదల 1.6 మిల్లీమీటర్ల కంటే తగ్గితే ఒక్కో టైరుకు 2,500 పౌండ్ల దాకా జరిమానా, 3 పాయింట్లు. నంబరు కొడితే కారు పాత ఎంఓటీ చరిత్ర ప్రభుత్వ వెబ్‌సైట్‌లో ఉచితంగా కనిపిస్తుంది. కొనేముందు ఐదు నిమిషాలు అది చూస్తే చాలా నష్టం తప్పుతుంది.

రోడ్డు ట్యాక్స్ సంగతి కూడా గుర్తుంచుకోవాలి. 2014 అక్టోబరు నుంచి పాత ఓనర్ కట్టిన ట్యాక్స్ కొత్త ఓనర్‌కు రాదు, కొన్న రోజే మళ్లీ కట్టాలి. లండన్‌లో అయితే పాత డీజిల్ బండి "సస్తా" అనుకుంటే పొరపాటే. కాలుష్య ప్రమాణాలు అందుకోని కారు రోడ్డెక్కిన ప్రతిరోజూ 12.50 పౌండ్లు కట్టాలి. 2023 ఆగస్టు 29 నుంచి ఈ నిబంధన నగరమంతటా అమల్లో ఉంది.

ఇంత కట్టినా రోడ్లు బాగున్నాయా అంటే అదీ లేదు. ఇంగ్లండ్, వేల్స్‌లలో స్థానిక రోడ్ల మరమ్మతుల బకాయి దాదాపు 17 బిలియన్ పౌండ్లని తారు పరిశ్రమ 2025 సర్వే అంచనా వేసింది. గుంతలో పడి టైరు పగిలితే కౌన్సిల్‌ను పరిహారం అడగొచ్చు. అయితే తాము క్రమం తప్పకుండా తనిఖీ చేస్తున్నామని కౌన్సిల్ చూపిస్తే బాధ్యత తప్పించుకునే వీలు 1980 హైవేల చట్టంలోనే ఉంది. ఆ గుంత గురించి ముందే ఎవరైనా ఫిర్యాదు చేసి ఉంటేనే బాధితుడి కేసు బలపడుతుంది. అందుకే ఫొటో, తేదీ, చోటు రాసి పెట్టుకోవాలి.

ఇంట్లోవాళ్లు ఏం చేయాలి?

కొడుకునో కూతురినో బ్రిటన్ పంపే తల్లిదండ్రులు ఫీజు, హాస్టల్, స్వెటర్ల గురించి వంద ప్రశ్నలు అడుగుతారు. దిగిన మొదటి నెలలోనే ప్రొవిజనల్ లైసెన్సుకు దరఖాస్తు చేశావా అని కూడా అడగాలి. ఆన్‌లైన్‌లో దాని ఫీజు 34 పౌండ్లే. అప్పుడు థియరీ ఆరు నెలల్లోపే అయిపోతుంది, 185 రోజులు నిండే నాటికి టెస్టు తేదీ చేతిలో ఉంటుంది. పదో నెలలో మేల్కొన్నవాడికి ఈ దారి ఉండదు. ఏడాదిలో తిరిగి వచ్చేసే విద్యార్థికైతే అసలు కారు అవసరమా అన్నది కూడా ఆలోచించాలి.

టెస్టుల క్యూ తగ్గించడం, పోస్ట్‌కోడ్ ధరల మీద జవాబు రాబట్టడం బ్రిటన్ ప్రభుత్వం చేయాల్సిన పని. ఆ క్యూలో ఎప్పుడు నిలబడాలన్నది మాత్రం మన పిల్లల చేతిలోనే ఉంది. ఈసారి వీడియో కాల్‌లో కారు చూపించినప్పుడు ముబారక్ తప్పకుండా చెప్పాలి. ఆ వెంటనే లైసెన్సు, ఇన్సూరెన్స్ కాగితాలు కూడా చూపించమనాలి.