గొంతులకూ ఒక అర కావాలి

దెబ్బ తగిలినప్పుడు కట్టే బ్యాండేజీ గుడ్డ ఏ ఊళ్లో నేశారని ఎవరూ అడగరు. తమిళనాడు విరుదునగర్ జిల్లాలో, రాజపాళయం పక్కనే ఉన్న సత్రపట్టికి ఆ గుడ్డే బతుకుతెరువు. మరమగ్గాల చప్పుడుతో తెల్లవారే ఊరది. ఆ చుట్టుపక్కల తెలుగు ఇళ్లకు కొదవ లేదు. రాజులు, కమ్మవారు, అరుంధతీయులు తరతరాలుగా ఇంట్లో తెలుగే మాట్లాడుకుంటున్నారు. 1949 నుంచి 1952 దాకా మద్రాసు రాష్ట్ర ముఖ్యమంత్రిగా ఉన్న పి.ఎస్. కుమారస్వామి రాజా రాజపాళయం బిడ్డే.

ఈ తెలుగు నోటిది. బడిలో తమిళం, కొట్లో తమిళం, పెళ్లి శుభలేఖ మీద తమిళం. అమ్మతో మాట్లాడేటప్పుడు, కోపం వచ్చినప్పుడు, దేవుడికి దణ్ణం పెట్టుకునేటప్పుడు మాత్రం తెలుగు. చదవమని తెలుగు పుస్తకం చేతికిస్తే చాలామంది చూసి తిరిగి ఇచ్చేస్తారు. అక్షరాలు రావు మరి.

అలాంటి భాషకు గ్రంథాలయంలో చోటెక్కడ? ఒక బీరువా నిండా తెలుగు పుస్తకాలు కొని పెట్టినా దుమ్ము పట్టడం తప్ప ఫలితం ఉండదు. అదే ఊళ్లో దాదాపు ప్రతి ఇంటికీ ఒక ఫోను ఉంది, అందులో వాట్సాప్ ఉంది, అవ్వ గొంతును మనవడికి మోసుకుపోయే వాయిస్ మెసేజ్ ఉంది. పుస్తకం చేరలేని చోటికి గొంతు చేరుతోంది. ఆ గొంతును పట్టుకుని, పేరు పెట్టి, ఊరు రాసి, రేపటివాళ్లకు దొరికేలా భద్రపరిచే పని గ్రంథాలయానిది. ఆ పని చేయాలంటే అక్కడి ఉద్యోగికి సోషల్ మీడియా పనిముట్లు చేతికి అలవాటు కావాలి. అది ఉద్యోగంలో భాగమే తప్ప తీరిక వేళ సరదా కాదని ఇటు తమిళనాడు, అటు తెలుగు రాష్ట్రాల ప్రభుత్వాలు గుర్తించి తీరాలి.

గ్రంథాలయం గడప దాటడం మనకు కొత్త కాదు. 1931లో మన్నార్‌గుడిలో ఎడ్లబండి మీద పుస్తకాలు పల్లెలకు వెళ్లాయి. ఎస్.ఆర్. రంగనాథన్ తన ఐదు గ్రంథాలయ సూత్రాలను పుస్తకంగా తెచ్చింది కూడా ఆ ఏడాదే. ఆయన చివరి సూత్రం ప్రకారం గ్రంథాలయం ఎదిగే ప్రాణి. 1935లో పాతూరి నాగభూషణం కృష్ణా కాలువల మీద పడవలో గ్రంథాలయం నడిపారు. కాలువ గట్టున పడవ ఆగితే పుస్తకం మార్చుకునే రైతులు, ఆడవాళ్లు ఆనాటి పాఠకులు. జనం ఏ దారిలో నడుస్తుంటే ఆ దారిలోకి పుస్తకాన్ని పంపడమే ఆ బండి, ఆ పడవ నడిపినవాళ్లు చేసిన పని. ఇవాళ జనం నడిచే దారి ఫోను తెర.

మరి ఉద్యోగికి నేర్పేదెలా? ఒక రోజు జిల్లా కేంద్రానికి పిలిచి, ప్రొజెక్టరు పెట్టి, మధ్యాహ్నం భోజనం పెట్టి, సర్టిఫికెట్టు చేతికిచ్చి పంపితే ఏ పనిముట్టూ రాదు. ఈత నేర్వాలంటే నీళ్లలోకి దిగాల్సిందే. ఈ సంగతి అందరికన్నా బాగా పట్టుకున్నది అమెరికాలోని షార్లెట్ నగర గ్రంథాలయం. 2006లో అక్కడ సాంకేతిక విభాగం చూసే హెలెన్ బ్లోవర్స్ తన ఉద్యోగుల కోసం 23 చిన్న పనుల జాబితా తయారుచేసింది. ఒక బ్లాగు మొదలుపెట్టు, ఒక ఫొటో ఎక్కించు, ఒక వికీలో నాలుగు మాటలు రాయి... ఇలా వారానికి కొన్ని చొప్పున. పక్కన నిలబడి పాఠం చెప్పే మాస్టారు లేరు. ఎవరికి వారు చేసి చూసుకోవాలి, రాకపోతే పక్క సీటువాళ్లను అడగాలి, ఏం నేర్చుకున్నారో తమ బ్లాగులో రాసుకోవాలి. పూర్తిచేసినవాళ్లకు పాటలు వినే ఎంపీ3 ప్లేయరు బహుమతి. ఆ జాబితాను ప్రపంచంలో వందల గ్రంథాలయాలు తమ ఊరికి తగ్గట్టు మార్చుకుని వాడుకున్నాయి.

అందులో అసలు కిటుకు బహుమతి కాదు. తప్పు చేస్తే ఎవరూ తిట్టరన్న ధీమా. మన కార్యాలయాల్లో యాభై దాటిన ఉద్యోగి కంప్యూటరు ముందు బిగుసుకుపోయేది తెలివి లేక కాదు, ఏ మీట నొక్కితే ఏం చెడిపోతుందో, పైవాళ్లు ఏమంటారో అన్న బెరుకుతో. ఆ బెరుకు పోగొడితే సగం చదువు అయినట్టే. తెలుగు టైపింగే తీసుకోండి. లేఖిని లాంటి పనిముట్టులో ఇంగ్లిష్ కీబోర్డు మీద ఎ, ఎం, ఎం, ఎ అని వరసగా నాలుగు మీటలు నొక్కితే తెర మీద ‘అమ్మ’ అని పడుతుంది. మొదటిసారి అది చూసిన మనిషి ముఖంలో వెలుగు వస్తుంది. ఆ తర్వాత ఎవరూ బతిమాలనక్కర్లేదు, తన పేరు కొట్టుకుంటారు, తన ఊరి పేరు కొట్టుకుంటారు.

నేర్చుకుని ఏం చేస్తారన్న ప్రశ్నకు జవాబుగా 2008 నాటి ఒక అనుభవం ఉంది. అమెరికా లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ ఆ ఏడాది జనవరిలో 3,000 పైచిలుకు పాత ఫొటోలను, జనం ఫొటోలు పంచుకునే ఫ్లికర్ వెబ్‌సైటులో పెట్టింది. చూసినవాళ్లు ఊరుకోలేదు. ఈ వీధి ఫలానాది, ఈ ఇంజను ఫలానా రకం, ఈ మనిషి మా తాత అంటూ రాశారు. గ్రంథాలయ ఉద్యోగులు వాటిని ఒక్కొక్కటిగా సరిచూసి, ఏడాది తిరిగేలోగా 500కు పైగా కేటలాగు వివరాలను మెరుగుపరిచారు. జనానికి తెలిసింది గ్రంథాలయానికి చేరింది. సరిచూసే బాధ్యత మాత్రం ఉద్యోగి దగ్గరే ఉంది. వాట్సాప్‌లో వచ్చిందల్లా నమ్మి ముందుకు తోసే ఈ రోజుల్లో ఆ సరిచూడటమే గ్రంథాలయం విలువ.

ఇప్పుడు సత్రపట్టికి వద్దాం. అక్కడ జరగాల్సిన పని ఇలా ఉంటుంది. ఒక మధ్యాహ్నం, ఎనభై ఏళ్ల అవ్వ ఇంటి అరుగు మీద గ్రంథాలయ ఉద్యోగి కూర్చుంటారు. ఫోను రికార్డరు తెరుస్తారు. ముందు అవ్వ అనుమతి అడుగుతారు, ఆ అనుమతి మాటలు కూడా రికార్డు చేస్తారు. మగ్గంలో దారాన్ని అటూ ఇటూ మోసే దాన్ని ఏమంటారవ్వా అని అడుగుతారు. ఆంధ్రలో నేతగాళ్లు నాడె అంటారు; పడుగు, పేక, ఆసు అనే మాటలు వాళ్లవే. ఇక్కడి తెలుగు నోళ్లలో ఆ మాటలున్నాయా, మారాయా, తమిళ మాట వచ్చి కూర్చుందా? ఆ పది నిమిషాల రికార్డు చెబుతుంది. ఫైలుకు పేరు, తేదీ, ఊరు పెట్టి, ఎవరైనా ఉచితంగా వాడుకోగల ఫైళ్ల నిలయమైన వికీమీడియా కామన్స్‌లో ఎక్కించాలి. ఆ ఉద్యోగికి కూడా తెలుగు రాయడం రాకపోవచ్చు. ఫర్వాలేదు. హైదరాబాదులోనో వేటపాలెంలోనో కూర్చున్న తెలుగు విక్షనరీ (ఆన్‌లైన్ నిఘంటువు) కార్యకర్త ఆ గొంతు విని అక్షరం పెడతాడు. నోరు ఒక ఊళ్లో, చెయ్యి ఇంకో ఊళ్లో. సోషల్ వెబ్ అంటే తెలుగుకు దక్కాల్సిన మేలు ఇదే.

దీనికి లింగ్వా లిబ్రె అనే ఉచిత పనిముట్టు కూడా ఉంది. తెర మీద ఒక మాట వస్తుంది, మనిషి పలుకుతాడు, ఆపగానే అదే గ్రహించి తర్వాతి మాట చూపిస్తుంది. గంటలో వందల మాటలు రికార్డవుతాయి.

మాటలు ఏరడం ఆ నేలకు తెలియనిది కాదు. కోవిల్‌పట్టి దగ్గర ఇడైసెవల్‌లో తెలుగు ఇంట్లో పుట్టిన కి. రాజనారాయణన్, తెలుగువాళ్ల వలసను తమిళ నవలగా చెప్పారు. కరిసల్ (నల్లరేగడి) నేల తమిళ మాటలను ఏరి నిఘంటువు చేశారు. ఆ ప్రాంతపు తమిళానికి ఒక తెలుగు తల్లి బిడ్డ చేసిన సేవ అది. అదే ప్రాంతపు తెలుగుకు అలాంటి సేవ ఇంకా బాకీ ఉంది.

ఒక జాగ్రత్త గట్టిగా చెప్పాలి. ఈ కంపెనీల వేదికలు శాశ్వతం కావు. ఆర్కుట్ 2014లో మూతపడింది, అందులోని తెలుగు కమ్యూనిటీల కబుర్లు పోయాయి. గూగుల్ రీడరు అంతకు ముందు ఏడాదే పోయింది. యాహూ గ్రూపుల్లో ఏళ్ల తరబడి సాగిన చర్చలను ఆ కంపెనీ తుడిచేసింది. అందుకే ఉద్యోగికి నేర్పాల్సింది ఫలానా యాప్ మీటలు కాదు; అనుమతి తీసుకోవడం, పేరు పెట్టడం, సరిచూడటం, ఒక కాపీ గ్రంథాలయం సొంత హార్డ్‌డిస్కులో దాచడం. యాప్ పోయినా ఈ నాలుగూ పోవు. ఎవరు ఏ పుస్తకం తీసుకెళ్లారన్నది ఎక్కడా పోస్టు చేయకపోవడం అయిదోది.

ఈ నేర్పు తెలుగు రాష్ట్రాల గ్రంథాలయాలకూ అవసరమే. వికీపీడియా వ్యాసానికి ఒక్కో ఆధారం చేర్చమని గ్రంథాలయ ఉద్యోగులను పిలిచే ఉద్యమం 2016 నుంచి ప్రపంచమంతా సాగుతోంది. తెలుగు వికీపీడియాలో ఊళ్ల వ్యాసాలు వేలల్లో ఉన్నాయి. ఆ ఊళ్ల చరిత్ర పుస్తకాలు శాఖా గ్రంథాలయాల బీరువాల్లో ఉన్నాయి. రెంటినీ కలపగల మనిషి ఆ కుర్చీలో కూర్చున్న ఉద్యోగే.

డబ్బు లేదనడం కుదరదు. ఆంధ్రప్రదేశ్‌లో ఇంటి పన్ను రూపాయికి 8 పైసలు గ్రంథాలయ సెస్సుగా జనం కడుతూనే ఉన్నారు. తమిళనాడులోనూ ఇంటి పన్నుతో పాటే వసూలు చేస్తారు. కావాల్సింది వారానికి రెండు గంటల పనివేళ, ఒక మంచి ఫోను, ఒక మైకు. ఆ రెండు గంటలూ డ్యూటీగా లెక్కకు రావాలి.

1919 నవంబరు 14న మద్రాసులో అయ్యంకి వెంకటరమణయ్య పూనికతో అఖిల భారత గ్రంథాలయ మహాసభ జరిగింది. ఏటా నవంబరు 14 నుంచి 20 దాకా గ్రంథాలయ వారోత్సవాలు జరుపుతాం. ఈసారి దండలు, ఉపన్యాసాలు కాస్త తగ్గించి, ప్రతి శాఖా గ్రంథాలయమూ తన ఊరి పెద్దల నోట పది మాటలు రికార్డు చేయించాలి. రాజపాళయం, సత్రపట్టి వైపు చుట్టాలున్నవాళ్లు ఆ వారం దాకా ఆగనక్కర్లేదు. ఈ ఆదివారం ఫోను చేసి అవ్వను ఒక కథ చెప్పమనండి, ఆమె సరేనంటే రికార్డు చేయండి.